లడ్డూలు పంచిన కదరా!

'కొత్త బంగారు లోకం' సినిమా టీవీలో వచ్చిన ప్రతిసారీ మా ఆయనకు సరిగ్గా సెకండాఫ్‌లోనే నీళ్ల మోటారు గుర్తొస్తుంది. అప్పటిదాకా కుర్చీలోంచి కదలని మనిషి, ప్రకాశ్‌రాజ్ పోయే ఘట్టం దగ్గరపడుతుండగా లేచి భుజం మీద తువ్వాలు వేసుకుంటారు. 'ట్యాంకు నిండిందో లేదో చూసొస్తా' అని పెరట్లోకి వెళ్తారు. ఆ సీన్ అయ్యాక ముఖం కడుక్కుని వస్తారు. ట్యాంకు నిండిందా అని నేనూ అడగను, నిండిందని ఆయనా చెప్పరు!

పదిహేడేళ్ల పైమాటే అయింది ఆ సినిమా వచ్చి. మా ఇంట్లో మాత్రం అది పాతబడలేదు. ఎందుకో ఈరోజు చెప్పాలనిపిస్తోంది. చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి నా దగ్గర కూడా ఉంది మరి.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. మా ఆయన ఇక్కడి డిపోలోనే ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని, చీరలకు ఫాల్స్ వేసేదాన్ని. పిల్లలిద్దరు. పెద్దవాడు కొడుకు, తర్వాత అమ్మాయి. 2007లో వాడు పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. అప్పుడు మా సాగర్ రోడ్డు మీద ఎవరిని కదిపినా రెండే మాటలు. ఒకటి ఔటర్ రింగు రోడ్డు, రెండు ఇంజినీరింగు. శేరిగూడ, మంగళ్‌పల్లి వైపు చూస్తే కాలేజీ బస్సులే బస్సులు. పొద్దున మా ఆయన బస్సు నిండా ఇంజినీరింగు పిల్లలే. మెడలో ఐడీ కార్డులు వేలాడుతుంటే ఆయనకు మన పిల్లవాడూ అట్లా ఎక్కాలని ఆశ.

ఆ ఆశతోనే బొంగుళూరు దగ్గర మాకున్న చిన్న ప్లాటు అమ్మేశాం. అది నా పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. ఆ డబ్బుతో వాణ్ని సిటీలో ఓ రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించాం. రెండేళ్ల ఫీజూ ఒకేసారి కడితే కొంత తగ్గిస్తామన్నారు. కట్టేశాం. తెల్లవారుజామున లేపడం, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు... నెలకోసారి చూడ్డానికి వెళ్తే వాడు గేటు దగ్గర నవ్వుతూనే కనిపించేవాడు. 'మంచిగనే ఉన్న అమ్మా' అనేవాడు. చెంపలు లోపలికి పోయాయి, అదొక్కటే నాకు కనిపించేది.

2008 వేసవిలో ఫస్టియర్ ఫలితాలొచ్చాయి. ఇంటర్నెట్ సెంటరుకు వాడే వెళ్లి చూసొచ్చాడు. 'ఎన్నిరా?' అంటే 'నాలుగొందల డెబ్బైకి నాలుగొందల పన్నెండు' అన్నాడు. మా ఆయన ఆ సాయంత్రమే రెండు కిలోల లడ్డూలు కొన్నారు. మర్నాడు డిపోలో డ్రైవర్లకు, కండక్టర్లకు, మెకానిక్కులకు, ఆఖరికి గేటు దగ్గర అరటిపండ్లు అమ్మే ముసలమ్మకు కూడా పంచారు. ఇంటికొచ్చి ఖాళీ డబ్బా నా చేతికిస్తూ ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

తర్వాత పది రోజులకనుకుంటా... బట్టలు నానబెడుతూ వాడి చొక్కా జేబు తడిమాను. ఓ కాగితం చేతికొచ్చింది. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు కట్టిన రసీదు. దాని మీద రెండు సబ్జెక్టులు. ఫిజిక్సు, మ్యాథ్స్ వన్ బీ. నేను చదివింది ఏడో తరగతే అయినా ఆ రసీదు అర్థం కానంత అమాయకురాల్ని కాదు. బకెట్ పక్కన అట్లాగే కూలబడ్డాను. వీడు పాసు కాలేదు. లడ్డూల డబ్బా ఇంకా నా వంటింట్లో, చింతపండు పోసుకుని ఉంది.

ఏం చేశానంటారా? ఏమీ చేయలేదు. ఆ కాగితం తడవకుండా మడిచి వాడి ఫిజిక్సు పుస్తకంలో పెట్టేశాను. వాడినీ అడగలేదు, ఆయనకూ చెప్పలేదు. ఆయనకు అప్పటికే బీపీ. డిపోలో అందరికీ చెప్పుకున్న మనిషి తట్టుకోగలడా అనుకున్నాను. సప్లిమెంటరీలో గట్టెక్కితే ఎవరికీ తెలియకుండానే పోతుందిలే అనుకున్నాను. తల్లులం ఇట్లాంటి లెక్కలే వేస్తాం కదా!

ఆ ఏడాది అక్టోబరు 9, దసరా రోజునే 'కొత్త బంగారు లోకం' విడుదలైంది. పండగ సెలవులకు కొడుకు ఇంటికొచ్చాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒకటే గోల, ఆ సినిమాకు పోదామని. వరుణ్ సందేశ్ అంటే 'హ్యాపీడేస్' అబ్బాయి. ఆ సినిమా అంతకు ముందు ఏడాదే వచ్చి పిల్లలందరినీ పిచ్చివాళ్లను చేసింది. ఆదివారం ఆయనకు వీక్లీ ఆఫ్ పడింది. నలుగురం 277 బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. మొత్తం కుటుంబం కలిసి సినిమాకు వెళ్లడం ఏడాదిన్నర తర్వాత అదే.

హాలు నిండా ఇంటర్, డిగ్రీ పిల్లలే. మొదటి సగమంతా నవ్వులే నవ్వులు. కాలేజీలో చేరిన బాలు, స్వప్న. చూపులు, అల్లర్లు, చిన్న చిన్న అలకలు. ఆ అమ్మాయి శ్వేతాబసు ప్రసాద్ 'ఎక్కడా...' అని సాగదీసి అడిగితే హాలంతా వెనకనుంచి అదే రాగం తీసేది. చిన్నప్పుడే 'మక్డీ' హిందీ సినిమాకు బాలనటిగా జాతీయ అవార్డు తీసుకున్న పిల్ల అట. మా అమ్మాయి ఇంటర్వెల్లో సమోసా తింటూ కూడా 'ఎక్కడా...' అనే అడిగింది. మా ఆయనా నవ్వారు. మిక్కీ జె.మేయర్ పాటలకు కాలు ఆడించారు కూడా! కొడుకు మాత్రం నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు. అది నేనొక్కదాన్నే గమనించాను.

ఇదేదో పిల్లల ప్రేమ సినిమాలే, కాసేపు నవ్వుకుని పోదాం అనుకుంటున్నామా... సెకండాఫ్‌లో కథ పిల్లల చేతుల్లోంచి పెద్దవాళ్ల గుండెల్లోకి వచ్చి కూర్చుంది. బాలు నాన్న చనిపోతాడు. కొడుకు మీద పూర్తి నమ్మకం పెట్టుకున్న నాన్న. కొట్టని నాన్న, తిట్టని నాన్న. అప్పటిదాకా ఈలలు వేసిన పిల్లలంతా ఒక్కసారిగా గప్‌చిప్. ముందు వరుసలో ఎవరో అబ్బాయి ముక్కు చీదిన శబ్దం కూడా వినిపించింది.

నా పరిస్థితి ఏమని చెప్పను? ఒకవైపు ఆయన, ఒకవైపు కొడుకు. మధ్యలో నేను, నా కడుపులో ఆ రసీదు. తెర మీద జయసుధ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. నా చేయి నాకు తెలియకుండానే ఆయన చేతి మీదకు వెళ్లింది. ఆయన మెల్లగా చేయి విడిపించుకుని 'బాత్రూంకు పోయొస్త' అని లేచారు. వచ్చేసరికి ముఖం మీద నీళ్లు, చొక్కా కాలరు తడి. మోటారు అలవాటు అక్కడే మొదలైందన్న మాట!

రాత్రి బస్సులో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. తుర్కయంజాల్ దాటేసరికి అమ్మాయి నా ఒళ్లో నిద్రపోయింది. ఇబ్రహీంపట్నంలో దిగి ఇంటికి నడుస్తున్నాం. తండ్రీ కొడుకులు ముందు, నిద్రమత్తులో ఉన్న పిల్లను పట్టుకుని నేను వెనక. వీధిలైట్లు ఒకటి వెలిగితే రెండు వెలగని దారి. ఉన్నట్టుండి కొడుకు గొంతు వినిపించింది.

'నాయ్నా... నేను ఫస్టియర్ పాస్ కాలే.'

ఆయన ఆగలేదు. నడుస్తూనే 'ఏంది?' అన్నారు.

'రెండు సబ్జెక్టులు పోయినయ్. సప్లిమెంటరీల ఒకటి పాసైన. ఫిజిక్సు అట్లనే ఉంది.'

'నాలుగొందల పన్నెండని చెప్తివి?'

'అబద్ధం చెప్పిన.'

పది అడుగులు ఎవరూ మాట్లాడలేదు. చెప్పుల చప్పుడు ఒక్కటే. అప్పుడన్నారాయన, కోపంగా కాదు, చిన్నపిల్లవాడు ఫిర్యాదు చేసినట్టుగా.

'లడ్డూలు పంచిన కదరా...'

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన అడిగిన మాటకు నా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

'మీ అమ్మకు ఎర్కనా?'

'లేదు నాయ్నా. అమ్మకు ఎర్క లేదు.'

నేను అప్పుడన్నా నోరు విప్పాల్సింది. 'నాకు తెలుసు' అనే రెండు మాటలు. విప్పలేదు. పదిహేడేళ్ల పిల్లవాడు చీకట్లో నిలబడి నిజం చెప్పాడు, నేను చెప్పలేదు.

రెండ్రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. డ్యూటీకి పోవడం, రావడం, తిని పడుకోవడం. మూడోరోజు పొద్దున కొడుకును లేపి 'పా, నీ పెట్టె తెచ్చుకుందాం' అన్నారు. ఇద్దరూ వెళ్లి హాస్టల్లోంచి ట్రంకు పెట్టె, పరుపు చుట్ట తెచ్చారు. కట్టిన ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు. నా ప్లాటు అట్లా పోయింది. హాల్ టికెట్ అక్కడిదే కాబట్టి పేరు మాత్రం ఆ కాలేజీలోనే ఉంచి, రోజూ బస్సులో వెళ్లి వచ్చేట్టు మాట్లాడుకున్నారు. సాయంత్రం ఊళ్లో ఓ సారు దగ్గర ఫిజిక్సు ట్యూషను. డిపోలో ఈయనే అందరికీ చెప్పేశారట. 'మావోడు తప్పిండు, లడ్డూలు వాపస్ ఇయ్యండ్రి' అని! వాళ్లు నవ్వి టీ తాగించి పంపారట. అన్నాళ్లూ ఆయన తట్టుకోలేరని నేననుకున్నాను చూడండి... ఆయన తట్టుకున్నారు. తట్టుకోలేకపోయింది నేను.

ఆ సినిమా గురించి తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. మిషను తొక్కుతూ చేసే పని ఆలోచించడమే కదా! ప్రకాశ్‌రాజ్, జయసుధ అంతకు రెండేళ్ల ముందు, 2006లో 'బొమ్మరిల్లు'లో కూడా హీరోకు అమ్మానాన్నలే. ఆ సినిమా తీసిందీ దిల్ రాజే. అందులో నాన్న కొడుకు చేయి వదలడు. ఏం కొనాలో, ఏం తొడుక్కోవాలో అన్నీ తనే. చివరికి కొడుకు ఉన్నదంతా కక్కేస్తాడు, నాన్న వింటాడు. 'కొత్త బంగారు లోకం'లో నాన్న దానికి సరిగ్గా తిరగేసిన మనిషి. చేయి వదిలేసి, నమ్మకాన్ని మాత్రం చేతిలో పెడతాడు. పిల్లలకు ఏది బరువు? పెత్తనమా, నమ్మకమా? మొదటిదాని మీద కనీసం కోపం తెచ్చుకోవచ్చు. నమ్మిన నాన్న మీద కోపం ఎట్లా తెచ్చుకుంటారు? మా వాడు నాలుగొందల పన్నెండు అని ఎందుకు చెప్పాడో నాకు అప్పుడు అర్థమైంది. తిడతారని కాదు. ఆయన తిట్టరని!

మన ప్రేమ సినిమాల్లో నాన్నంటే ఎన్నో ఏళ్లుగా అడ్డుగోడే. అమ్మాయి నాన్న గూండాలను పంపుతాడు, అబ్బాయి నాన్న ఇంట్లోంచి గెంటేస్తాడు. ఇంటర్ పిల్లల కథ కూడా కొత్తేం కాదు. 2000 సంవత్సరంలోనే తేజ తీసిన 'చిత్రం'లో ఉదయ్‌కిరణ్, రీమాసేన్ కాలేజీ చదువుతూనే అమ్మానాన్నలైపోతారు. అదీ నవ్వుతూ మొదలై గొంతులో ముడిపడే కథే. కానీ శ్రీకాంత్ అడ్డాల తన మొదటి సినిమాలోనే నాన్నను శత్రువుగా కాకుండా, పిల్లవాడు పోగొట్టుకోకూడని మనిషిగా చూపించాడు. నాన్న పోయాక బాలు ప్రేమను పక్కన పెట్టి చదువుకుంటాడు. ప్రేమ గెలుస్తుంది కానీ తొందరపడి గెలవదు. అందుకే అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ సినిమాకు వెళ్లగలిగారు. ఆ దర్శకుడే 2013 సంక్రాంతికి 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' తీసినప్పుడు మళ్లీ ఆ ఇద్దర్నే అమ్మానాన్నలుగా పెట్టాడు. ఈసారి నాన్నను నవ్వుతూ బతికించాడు. థియేటర్లో నేను 'హమ్మయ్య' అనుకున్నాను.

అయితే నాకు ఆ మొదటి సినిమా మీద ఓ కోపం కూడా ఉంది. కొడుకు మారడానికి తండ్రి చావాలా? ఆయన బతికుండగా ఒక్క మాట చెప్పే వీలు ఆ కుర్రవాడికి ఎందుకు లేకపోయింది? సినిమాలో చచ్చిపోయినవాళ్ల మీద అందరికీ ప్రేమ పుడుతుంది, ఇంట్లో బతికున్నవాళ్లతోనే మాట్లాడలేం. కాకపోతే ఇది కూడా ఒప్పుకోవాలి... తెర మీద ఆ నాన్న పోయాడు కాబట్టే, ఆ రాత్రి మా వీధిలో మా వాడు నోరు విప్పాడు. ప్రకాశ్‌రాజ్ చావు మా ఇంట్లో అట్లా అక్కరకొచ్చింది.

వాడు 2009లో ఇంటర్ గట్టెక్కాడు. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు, ఇంజినీరు కాలేదు. బీఎస్సీ చేశాడు. ఒకప్పుడు పొలాలే ఉన్న ఆదిభట్లలో ఇప్పుడు విమానాల భాగాలు తయారవుతున్నాయి. అక్కడ ఓ కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఇంటికి స్కూటరు దూరం. గొప్ప జీతం కాదు, అయినా రాత్రి అందరితో కలిసి తింటాడు. మా అమ్మాయి పెళ్లై దేవరకొండలో ఉంటోంది. ఫోన్ చేసి 'వస్తున్నా' అంటే ఇప్పటికీ వీడు 'ఎక్కడా...' అని సాగదీస్తాడు. చెల్లెలికి కోపం!

ప్లాటు సంగతి మాత్రం నా మనసులో ఓ మూల అట్లాగే ఉంది. బొంగుళూరు మీదుగా పోయినప్పుడల్లా తల అటు తిరుగుతుంది. ఇప్పుడక్కడ మేడలు లేచాయి. నా పుట్టింటి పసుపు కుంకుమ. బాధ లేదంటే అబద్ధమవుతుంది. ఈ వ్యాసంలో ఇంకా అబద్ధాలు వద్దు.

మొన్నామధ్య సాయంత్రం కొడుకూ నేనూ చెరువు కట్ట మీద నడుస్తున్నాం. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు మాది. మా పిల్లల చిన్నతనంలో నీళ్లు లేక తుమ్మ చెట్లు మొలిచిన చెరువు, 2022 వానలకు నిండి అలుగు పారింది. ఆ నీళ్లను చూస్తే ఏదైనా చెప్పేయాలనిపిస్తుంది. చెప్పేశాను. 'అప్పుడు నీ సప్లిమెంటరీ రసీదు నాకు దొరికిందిరా. మీ నాయనకు చెప్పలేదు. ఆ రాత్రి కూడా చెప్పలేదు' అన్నాను.

వాడు ఆశ్చర్యపోతాడనుకున్నాను. చెరువు వైపు చూస్తూ నవ్వాడు.

'నాకెర్కనే అమ్మా. చొక్కా జేబుల పెట్టిన కాగితం ఫిజిక్సు పుస్తకంలకు నడిచిపోతదా?'

నాకు మాట రాలేదు. అంటే ఆ రాత్రి 'అమ్మకు ఎర్క లేదు' అన్నది నిజం చెప్తూ చెప్తూ వాడు చెప్పిన చివరి అబద్ధం. నా కోసం చెప్పింది. తండ్రి కోపమో, దుఃఖమో నా మీదకు రాకుండా మొత్తం తన మీదకే తీసుకున్నాడు. పిల్లల్ని మనం కాపాడుతున్నామనుకుంటాం. మనల్ని వాళ్లు ఎన్నిసార్లు కాపాడారో మనకు లెక్క తెలియదు.

'మరి నాయనకు ఎప్పుడు చెప్తవ్?' అన్నాడు వాడు. ఎదురుగా చెప్పే ధైర్యం పదిహేడేళ్లుగా రాలేదు, ఇప్పుడేం వస్తుంది? అందుకే రాస్తున్నాను. రిటైరయ్యాక ఆదివారం పొద్దున మా ఆయనకు ఒకటే పని. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఈ అనుబంధం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అక్షరం వదలకుండా చదవడం. ఇక్కడికి వచ్చేసరికి ఆయనకు నీళ్ల మోటారు గుర్తొస్తుందని నాకు తెలుసు.

ఏవండీ, లేవకండి. పొద్దున్నే మోటారు వేసి ట్యాంకు నింపేశాను.